బూడిదపెట్టె జాలి

బావా బావమరుదులన్నాక ఏదో ఒకదాని మీద తగువుండాలి, లేకపోతే చుట్టరికం తుప్పు పడుతుంది. గద్దకూ ఈలకూ మధ్య చుట్టరికం తుప్పు పట్టకుండా కాపాడినవి రెండు పాత వీడియోగేమ్ పెట్టెలు.

గద్ద అంటే రేవులో క్రేన్ నడిపే మనిషి. తాటిచెట్టంత ఎత్తున గాజు గదిలో కూర్చుని, కింద ఉన్న సరుకును కొక్కెంతో తన్నుకుపోతాడు గనక ఆ పేరు. ఈల అంటే అతని భార్య తమ్ముడు. అదే కొక్కెం కింద నిలబడి, నోట్లో ఈలతో, చేత్తో సైగలతో బావకు దారి చూపించేవాడు. అమ్మానాన్నలు పెట్టిన పేర్లు ఇద్దరికీ ఉన్నాయి గాని, అవి జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తురావు.

గద్దది నల్లపెట్టె. ఈలది బూడిదరంగు పెట్టె. రెండూ ఒక కాలానివే, రెండూ పదహారు బిట్లవే. మీసాలు మొలిచే వయసులో ఒకే వీధిలో ఉంటూ చెరొకటి సంపాదించుకుని, ఏది గొప్పదో తేల్చుకోవడానికి ఒకరింటికి ఒకరు తిరిగారు. అలా తిరిగి తిరిగి గద్ద ఈలవాళ్ళ అక్కనే పెళ్ళి చేసుకున్నాడు. బూడిదపెట్టెలో తనకు నచ్చిందల్లా అది ఆ ఇంట్లో ఉండటమేనని ఇప్పటికీ అంటాడు.

నల్లపెట్టెలోని ప్రాసెసర్ బూడిదదానికన్నా రెండింతలు వేగం. అంతవరకూ లెక్క, ఈల కూడా కాదనడు. ఆ పైన గద్ద చెప్పేది పురాణం. తను దాన్లో పరుగుపందెం ఆడుతుంటే చూస్తూ కూర్చున్న పిల్లికి ఆయాసం వచ్చిందనీ, స్విచ్చి వేసిన ప్రతిసారీ గోడగడియారం సిగ్గుతో కాస్త ముందుకు జరిగేదనీ, ఆ లెక్కన ఆ ఇంటివాళ్ళు పక్కింటివాళ్ళకన్నా ఒక రోజు ముందు బతుకుతున్నారనీ చెప్పేవాడు. ఈల ఊరుకునే రకం కాదు. తన పెట్టె తెర మీద ఒకేసారి రెండువందల యాభైఆరు రంగులు పరుస్తుంది, బావ పెట్టెకు అరవై నాలుగు దాటితే ఊపిరాడదు. అందుకే బావ ఆటల్లో ఆకాశమూ సముద్రమూ ఒకే బకెట్లో నానబెట్టిన బట్టల్లా ఉంటాయట. పైగా బూడిదపెట్టెలో పాట కోసం విడిగా ఒక చిప్పు ఉంది. బొమ్మల గొడవ దానికి పట్టదు, దాని పాట అది పాడుకుంటుంది. నల్లపెట్టె పాడితే రేకుడబ్బాలో కందిరీగను వేసి ఊపినట్టే.

ఆటల జాబితా దగ్గరికొస్తే తగువు ఇంకా ముదిరేది. నల్లపెట్టెకు వచ్చినవన్నీ పరుగులు, గుద్దులాటలు, కాల్పులు, బంతాటలు. వేలు ఊరుకుంటే ప్రాణం పోయే రకాలు. బూడిదపెట్టెకు రాజ్యాలు, శాపాలు, సత్రాలు, ఎవరిని పలకరించినా సంచీడు కబుర్లు చెప్పే ఊళ్ళు. ఈల ఆటలో యుద్ధానికి బయల్దేరిన యువరాజు శత్రువు కోట చేరేసరికి అతనికి తెల్లగడ్డం వచ్చేదనీ, శత్రువు ఎదురుచూసి విసుగొచ్చి మంచం మీద చచ్చేవాడనీ గద్ద ఎకసెక్కం. అన్నిటికన్నా పెద్ద ఎకసెక్కం ఇంకొకటుంది. తెర మీద శత్రువులు గుంపుగా వస్తే బూడిదపెట్టెకు దమ్ము చాలదు. విమానాలూ గుండ్లూ అన్నీ బెల్లంపాకంలో పడ్డ ఈగల్లా కదులుతాయి. దానికి గద్ద ‘నత్త’ అని పేరు పెట్టాడు. ఆ మాట వస్తే మాత్రం ఈల గబుక్కున పాటల చిప్పు సంగతి ఎత్తేవాడు.

ఇంత సరదా మనుషుల మధ్యకు భయం ఒక తొడుగు రూపంలో వచ్చింది.

ఆ రోజు ఓడలోంచి ఇనుపరేకు చుట్టలు దింపుతున్నారు. ఒక్కో చుట్ట ఏనుగంత బరువు. లారీ మీద చెక్కదిమ్మ సర్దుతూ ఈల పిడికిలి బిగించాడు. పిడికిలి అంటే ఆపమని. కొక్కెం ఆగింది గాని, ఆగాల్సిన చోట కాదు, జానెడు కిందికొచ్చి ఆగింది. ఈల చెయ్యి లాక్కున్నాడు. చేతి తొడుగు మాత్రం దిమ్మకూ చుట్టకూ మధ్య ఉండిపోయింది. తొడుగులు చలికి వేసుకుంటారనుకున్నాను, మనకు బదులు చావడానికని ఇప్పుడు తెలిసిందని ఈల అందర్నీ నవ్వించాడు. బ్రేకు జారిందని తనే అందరికీ చెప్పాడు. మెకానిక్కు విప్పి చూసి, జారేంత లోపం ఏమీ కనబడక, ఏదో ఒకటి చెయ్యాలి గనక నాలుగు బోల్టులు బిగించి పోయాడు. ఆ తర్వాత అన్నీ సరిగ్గానే ఆగాయి. బ్రేకే అయ్యుంటుందని గద్ద గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. ఈ సంగతి ఇంట్లో అక్కతో అనకూడదని ఇద్దరూ నోరు తెరిచి ఒప్పందం చేసుకోకుండానే ఒప్పందం చేసుకున్నారు.

కానీ అనుమానం పంటి సందులో నార లాంటిది, నాలుక మాటిమాటికీ అక్కడికే పోతుంది. చొక్కా గుండీలు పొద్దున్న పూట కాజాలను వెతుక్కుంటున్నాయి. ఈల జ్వరమొచ్చి సెలవు పెట్టినప్పుడు అతని బదులు వచ్చిన సైగలవాడు, మీరు ఆలస్యంగా ఆపుతున్నారు, నేను మీ కింద నిలబడనని మొహం మీదే అన్నాడు. గద్ద వాణ్ణి చెడామడా తిట్టాడు గాని, తిట్లు నోట్లోంచి పోయాయి, మాట చెవిలో ఉండిపోయింది.

రేవువాళ్ళు ఏటేటా చేయించే వైద్యపరీక్ష ఉంది. కంట్లో లైటు వేస్తారు, దూరాన అక్షరాలు చదివిస్తారు, ఒక కాలి మీద నిలబడమంటారు. కొంగకు ఆ ఉద్యోగం ఇంకా తేలిగ్గా వస్తుందని గద్ద అనేవాడు. చూసినదానికీ చెయ్యి కదిలినదానికీ మధ్య ఎంత సందు ఉందో ఆ పరీక్షలో ఎవరూ అడగరు. అది అడిగేది అతనికి తెలిసి ఒక్క నల్లపెట్టే. దానికి మొహమాటం లేదు.

ఒక ఆదివారం దుమ్ము తుడిచి పెట్టె దించాడు. విమానం ఆట క్యాసెట్టు పెట్టాడు. ఒకప్పుడు ఆ ఆటలో మూడో అంకం దాకా ఒక చేత్తో ఆడుతూ రెండో చేత్తో టీ తాగేవాడు. ఇప్పుడు రెండు చేతులా ఆడినా మూడో అంకం మొదట్లోనే, ఎడమవైపు నుంచి గుంపు విరుచుకుపడే చోట, విమానం పేలిపోయింది. మళ్ళీ ఆడాడు. అక్కడే పేలింది. జాయ్‌స్టిక్ విప్పి మీటల కింది రబ్బరు తుడిచాడు. క్యాసెట్టు కాళ్ళు రుద్దాడు. పక్కగదిలో సోఫా గలేబులు కుడుతున్న భార్య మిషను ఆపి, ఆడలేనమ్మ మద్దెల ఓడు అందట అని నవ్వింది. ఆవిడ వేళాకోళానికే అన్నది. అతనికి మాత్రం అది తీర్పులా వినబడింది.

అప్పుడు టీవీ మీదికి పోయింది అతని చూపు. గోడకు తగిలించిన ఈ పలక టీవీలు పాత పెట్టెల బొమ్మను నమిలి నమిలి గాని చూపించవని తెలిసినవాళ్ళు చెబుతారు. అది నిజమే. మీట నొక్కినదానికీ బొమ్మ కదిలినదానికీ మధ్య రెప్పపాటు పోతుంది. గద్ద ప్రాణం లేచొచ్చింది. వెనక్కి డొక్కున్న పాతకాలపు టీవీ ఈల ఇంట్లో ఉంది. అక్కడ ఆడితే తేలిపోతుంది. కానీ నా చేతులు పరీక్షించుకోవాలిరా అని కింద నిలబడేవాడితో ఎలా అంటాడు? అందుకని ఫోన్ చేసి, ఇన్నేళ్ళ తగువు తేల్చేద్దాం, ఒకే ఆట, ఒకే టీవీ, రెండు పెట్టెలు అన్నాడు. విమానం ఆట రెండింటికీ వచ్చింది మరి. ఈల ఎగిరి గంతేశాడు.

పై ఆదివారం మధ్యాహ్నం నల్లపెట్టెను చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని భార్యతో సహా వెళ్ళాడు. ఈల గది నిండా క్యాసెట్లే, ఇటుకల్లా పేర్చిపెట్టి ఉన్నాయి. పాత టీవీ బల్ల మీద బొజ్జ వెనక్కి పెట్టుకుని కూర్చుంది. ముందు నల్లపెట్టె. గద్ద కింద చాప మీద కూర్చున్నాడు, రంగులు మెరిశాయి, బొమ్మకూ వేలికీ మధ్య ఏ అడ్డమూ లేదు. మొదటి అంకం దాటాడు, రెండోది దాటాడు. మూడో అంకంలో ఎడమవైపు నుంచి గుంపు వచ్చింది. కంటికి కనబడింది. ఎటు తప్పుకోవాలో తెలిసింది. వేలు కదిలేసరికి విమానం లేదు.

“ఇంకోసారి ఆడు బావా, పరధ్యానంగా ఉన్నావు,” అన్నాడు ఈల.

ఇంకోసారీ అదే అయింది. గద్ద తీగలు మార్చమన్నాడు. ఈల బూడిదపెట్టె కలిపాడు. ఇందులో రంగులు పండినట్టున్నాయి, మబ్బులు మబ్బుల్లా ఉన్నాయి. మూడో అంకం వచ్చింది. గుంపు విరుచుకుపడింది. గద్ద విమానం గుండ్ల మధ్యలోంచి సూదిలోంచి దారంలా దూరి బయటికి వచ్చింది. నాలుగో అంకం. ఐదో అంకం. అతని భుజాలు కిందికి దిగాయి, ముఖం మీద చాలాకాలానికి పాత గద్ద కనిపించాడు.

చేతులకేం కాలేదు. ముసలిదైంది నల్లపెట్టె, లోపల ఏవో కెపాసిటర్లు ఉబ్బి ఉంటాయి. ఆ సంతోషంలో ఎన్నడూ అననిది అనేశాడు.

“ఒప్పుకుంటున్నానురా. నీ పెట్టే గొప్పది.”

ఈ మాట కోసం ఈల సగం జీవితం కాచుకుని ఉన్నాడు. ఎగరాలి, అక్కను పిలిచి సాక్ష్యం పెట్టాలి, వీధంతా చెప్పాలి. అవేమీ చెయ్యలేదు. టీవీ మీద లేని దుమ్మును అరచేత్తో తుడిచాడు.

వెనక కుర్చీలో కూర్చున్న అక్క, రోజంతా మిషను చప్పుడులో బతికే మనిషి, తల కాస్త పక్కకు వంచి వింటోంది.

“ఇదేం విడ్డూరంరా? పాట ముందు పోతోంది, బొమ్మ వెనక నడుస్తోంది,” అంది.

“అది అంతేలే అక్కా, టీ పెట్టనా?” అని ఈల గబగబా లేచాడు. లేస్తూ టీవీ చప్పుడు తగ్గించేశాడు.

గద్ద ఆ మాట విననట్టు ఆడుతూనే ఉన్నాడు. వినడమైతే విన్నాడు. ఆ పెట్టెకు నత్త అని పేరు పెట్టింది తనే. గుంపు వచ్చినప్పుడల్లా దానికి కాళ్ళు పడిపోతాయని ఈ వంశానికంతా చాటింది తనే. కానీ మునిగేవాడు పట్టుకున్న గడ్డిపోచను గట్టిదా కాదా అని పరీక్షించడు. ఇంటికి వెళ్ళేదాకా ఐదో అంకం గురించే చెప్పుకొచ్చాడు. ఆవిడ ఊఁ కొడుతూనే, మీ మొహం ఇవాళ తేటగా ఉందండీ, ఈమధ్య ఎందుకో ముడుచుకుని ఉంటున్నారు అంది. గాలి మారిందిలేవే అన్నాడు.

సోమవారం పొద్దున్న నిచ్చెనెక్కి గాజు గదిలో కూర్చునేటప్పుడు ఆ తేటదనం ఇంకా ఉంది. కింద ఈల లారీ ఎక్కాడు. మళ్ళీ ఇనుపరేకు చుట్టలే. మొదటి చుట్ట దిగుతోంది. ఈల వేలు గుండ్రంగా తిప్పుతున్నాడు, దించు, దించు. చుట్ట ఇంకా అతని ఛాతీ ఎత్తున ఉండగా పిడికిలి బిగించాడు. చుట్ట మోకాలి ఎత్తుకు వచ్చి ఆగింది. అక్కణ్ణుంచి చిటికెనవేలు ఊపుతూ అంగుళమంగుళం దింపించాడు. దిమ్మ మీద పువ్వు పెట్టినట్టు కూర్చుంది.

గద్ద లివరు మీంచి చెయ్యి తీయలేదు. మోకాలి ఎత్తుకు వచ్చాక పిడికిలి బిగించడం ఈల పద్ధతి. పని నేర్చుకున్న నాటి నుంచీ అదే పద్ధతి, రేవులో గోడగడియారాన్ని అతని పిడికిలితో సరిచూసుకోవచ్చని గద్దే కోతలు కోసేవాడు. రెండో చుట్ట తెచ్చాడు. ఈసారి కళ్ళు చుట్ట మీద కాదు, ఆ చేతి మీద పెట్టాడు. మళ్ళీ ఛాతీ దగ్గరే బిగిసింది పిడికిలి. మళ్ళీ మోకాలి దగ్గరే ఆగింది చుట్ట.

పాట ముందు, బొమ్మ వెనక.

ఆ ఛాతీకీ మోకాలికీ మధ్య ఉన్న జాగా ఎవరిదో గద్దకు అర్థమైంది. అది బ్రేకుది కాదు, నల్లపెట్టెది కాదు, పలక టీవీది కాదు. తన చేతిది, తొడుగు నాడు జానెడున్నది ఇప్పుడు రెండు మూరలైంది. బోల్టులు బిగించాక అన్నీ సరిగ్గా ఆగుతున్నాయని మురిసిపోయాడు తను. ఆగుతున్నవి బోల్టుల వల్ల కాదు. కింద ఉన్నవాడు, గుంపును చూసి అడుగు నెమ్మదించే ఆ నత్తలాగా, బావ కోసం కాలాన్ని సాగదీస్తున్నాడు. ఈల సెలవు రోజున బదులు వచ్చినవాడు సాగదీయలేదు, అందుకే వాడికి ఉన్నది ఉన్నట్టు కనబడింది. వాడి తలకాయ ఆ రోజు ఎంతలో తప్పిందో తలుచుకుంటే గద్దకు అంత ఎత్తున గాజు గదిలో చెమట పట్టింది.

మూడో చుట్టను ఎత్తలేదు. కొక్కేన్ని ఖాళీగా పైకి లాగి, మీటలన్నీ ఆపి, తాళంచెవి తీసుకుని నిచ్చెన దిగాడు. కింద నుంచి ఈల రెండుసార్లు ఈల వేశాడు, ఏమైందని. గద్ద మెట్టు మెట్టూ చూసుకుంటూ దిగాడు.

నేల మీదికి వచ్చాక అతనికి ఎదురుగా నిలబడి అడిగాడు.

“ఎప్పటి నుంచిరా?”

ఈల అర్థం కానట్టు చూడబోయి మానుకున్నాడు. “తొడుగు పోయినప్పటి నుంచి.”

“నాతో ఎందుకు చెప్పలేదు?”

“నీకు చెబితే నువ్వు దిగిపోతావు. దిగిపోతే ఏం చేస్తావు బావా, అక్క పక్కన కూర్చుని గలేబులకు గుండీలు కుడతావా? అవీ పట్టుబడటం లేదుగా నీకు. నేను చూశాను.”

“నువ్వు ఒక్కనాడు మర్చిపోతే?”

“మర్చిపోను.”

“నిన్నటి దాకా నీ అక్క మొగుణ్ణి అనుకున్నాను. నిన్ను చంపబోయేవాణ్ణి అని తెలియలేదు,” అన్నాడు గద్ద. గొంతు పెంచకుండానే అన్నాడు. ఈల తల పక్కకు తిప్పుకున్నాడు.

సూపర్‌వైజరు వచ్చాడు. పని ఎందుకు ఆగిందన్నాడు. నా చెయ్యి ఆలస్యంగా కదులుతోంది, ఇక ఎక్కను అన్నాడు గద్ద. ఆ పెద్దమనిషి కాగితాలు తిరగేసి, మీ వైద్యపరీక్ష బంగారంలా ఉంది, ఎవరు చెప్పారు మీకు అని అడిగాడు. ఒక నల్లపెట్టె చెప్పింది, ఒక బూడిదపెట్టె అబద్ధమాడింది అని చెబితే నెత్తి మీద నీళ్ళు పోస్తారు. నాకే తెలిసింది అని ఊరుకున్నాడు. ఓడ ఎదురుచూస్తోంది, ఈ ఒక్క పూటకు ఎక్కండి, రేపు చూద్దాం అని సూపర్‌వైజరు బతిమాలాడు, తర్వాత గదమాయించాడు. గద్ద తాళంచెవి అతని చేతిలో పెట్టి వెనక్కి జరిగాడు. చివరికి పక్క క్రేన్ నుంచి ఒక పడుచువాణ్ణి పిలిచారు. వాడు నిచ్చెనను మెట్టు వదిలి మెట్టు ఎక్కాడు.

చుట్ట లేచింది. ఇన్నేళ్ళలో గద్ద దాన్ని కింద నుంచి చూడటం ఇదే మొదలు. పై నుంచి అది దారపు ఉండంత ఉంటుంది. కింద నుంచి చూస్తే ఆకాశంలో ఇంకేమీ ఉండదు. దాని నీడ ముందు లారీ మీద పడింది, తర్వాత ఈల మీద పడింది. ఈల వేలు తిప్పాడు. చుట్ట దిగుతోంది. ఛాతీ ఎత్తుకు రాగానే అతని పిడికిలి బిగిసింది.

చుట్ట అక్కడే ఠక్కున ఆగిపోయింది. పడుచువాడి చెయ్యి మరి, చూడగానే కదిలింది. ఛాతీ ఎత్తున గాలిలో వేలాడుతూ అటూ ఇటూ ఊగింది. ఎందుకు ఆపావని పై నుంచి మైకులో అరిచాడు వాడు. ఈల మళ్ళీ వేలు తిప్పాడు, మళ్ళీ ముందే పిడికిలి బిగించాడు, మళ్ళీ దిమ్మకు అందనంత ఎత్తున ఆగింది. మూడోసారి కావాలని పిడికిలి దాచుకుని ఎదురుచూశాడు. అలా చూస్తూ చూస్తూ భయమేసి లారీ మీంచి కిందికి దూకేశాడు. చుట్ట దిమ్మ మీద దబ్బున పడింది, లారీ మూలిగింది. చుట్టూ ఉన్నవాళ్ళు తలలు తిప్పి చూశారు.

ఈల తన కుడిచేతిని ఎవరిదో అన్నట్టు చూసుకుంటూ బావ దగ్గరికి వచ్చాడు.

“పిడికిలి ఎప్పుడు ఎత్తాలో తెలియడం లేదు బావా. పోయింది, నా చేతి లెక్కా పోయింది.”

సూపర్‌వైజరు గడియారం చూసుకుంటూ, ఒక్క చుట్టకు ఇంతసేపైతే ఓడ ఇక్కడే ముసలిదవుతుందని సణిగాడు. కాస్త చురుగ్గా కానివ్వమన్నాడు.

“ముందే ఎత్తరా,” అన్నాడు గద్ద. “ముందే ఎత్తు, ఎంత పైన ఆగినా సరే. తర్వాత అంగుళమంగుళం దించుకో.”

“నత్తలా అవుతుంది.”

“అవనీ.”

ఈల మళ్ళీ లారీ ఎక్కాడు. నాలుగో చుట్ట ఓడ మీద లేచింది. గద్దకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇంత పొద్దున్నే ఇంటికి వెళితే మిషను ఆపి ఆవిడ తలెత్తి చూస్తుంది, ఏమైందంటుంది. తొడుగు దగ్గర మొదలుపెట్టాలి. అక్కడ మొదలుపెడితే, నా తమ్ముణ్ణి మీ కింద ఇన్నాళ్ళూ నిలబెట్టుకున్నారా అని అడుగుతుంది. అతను ఇంటిదారి పట్టలేదు. చుట్ట నీడ లారీ దాటి తన బూట్ల దాకా వచ్చింది. ఒక అడుగు వెనక్కి వేద్దామనుకున్నాడు. అనుకున్నదానికీ, కాలు కదిలినదానికీ మధ్య ఎంతసేపు పట్టిందో ఈసారి అతనికి స్పష్టంగా తెలిసింది.